బొమ్మ వచ్చిందా

"పై గీతెంత?" అని ఫోన్లో అడిగాడు సురేందర్.

"డెబ్బై ఎనిమిది," అంది వనిత.

"ఇప్పుడు?"

"అంతే ఉన్నది."

"చూసి చెప్పు వనితా. చూడకుండ నోటికొచ్చింది చెప్పకు."

వనిత చూస్తూనే ఉంది. టిఫిన్ గిన్నెలు సింకులో పడేసిన దగ్గర్నుంచి ఆమె చేస్తున్న పని అదొక్కటే. ఒక చేతిలో రిమోట్, ఇంకో చేత్తో చెవికానించుకున్న ఫోన్, ఎదురుగా టీవీలో సిగ్నల్ పేజీ. సిగ్నల్ అందేదాకా ఆ పేజీలో బొమ్మేమీ ఉండదు. నీలం రంగు మీద రెండు అడ్డగీతలు, వాటి పక్కన అంకెలు, అంతే. డాబా మీద మొగుడు డిష్‌ను వేలెడు ఇటు జరిపి అడుగుతాడు, హాల్లో పెళ్లాం అంకె చదువుతుంది. మళ్లీ వేలెడు అటు జరిపి అడుగుతాడు, మళ్లీ చదువుతుంది. కూర్చుని కూడా చదవొచ్చు. కానీ సోఫాలో అత్త చిలకమ్మ కూర్చుని ఉంది. ఆమె పక్కన చతికిలబడి అంకెలు చెప్పడం బాగుండదని వనితకు ఎవరూ చెప్పలేదు. ఈ ఇంట్లో చాలా సంగతులు ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయాయి.

"కింద ఇంకో గీత ఉన్నది," అంది వనిత. "అది సున్నా చూపిస్తున్నది."

"నిన్ను కింది గీత అడిగిన్నా? పైది చెప్పు, చాలు."

సరే అని పైది చెప్పింది. చిలకమ్మ కళ్లద్దాలు సవరించుకుని టీవీ వంక చూసి, కోడలి వంక చూసి, మళ్లీ టీవీ వంక చూసింది. చేతిలో జపమాల లాంటిదేమీ లేదు, చిక్కుడుకాయల పళ్లెం ఉంది. ఈనెలు తీస్తూ తన సీరియల్ కోసం కాచుకుని ఉంది.

నిజానికి ఈ ఇంట్లో టీవీ నిన్నమొన్నటి దాకా నిక్షేపంగా వచ్చేది. పాత డిష్, పాత బాక్సు, పెద్ద వాన కొడితే తప్ప ఆగేది కాదు. అలాంటిది ఒకరోజు కంపెనీ వాళ్లు ఫోన్ చేసి, మీరు మా పాత కస్టమర్ సార్, మీకు ప్రత్యేకంగా అప్‌గ్రేడ్ ఇస్తున్నాం సార్ అన్నారు. సురేందర్ సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాప్‌లో సూపర్‌వైజర్. రోజంతా ఆయనే అందరినీ సార్ సార్ అంటూ ఉంటాడు. ఎవరో తనను ఒక్క గుక్కలో రెండుసార్లు సార్ అనేసరికి కాదనలేకపోయాడు. పెద్ద డిష్ వచ్చింది, కొత్త బాక్సు వచ్చింది. పాత డిష్‌ను పాతసామాను వాడికి ఇయ్యనియ్యలేదు చిలకమ్మ. డాబా మీద పిట్టగోడ పక్కన వెల్లకిలా పెట్టించి, అందులో ఎండుమిర్చి పోసి ఎండబెట్టింది. ఆ ఇంట్లో ఇప్పుడు చెప్పిన పని చెప్పినట్టు చేస్తున్నది ఆ పాత డిష్ ఒక్కటే. కొత్తది వచ్చిన నాటి నుంచీ తెర మీద బొమ్మ ముక్కలు ముక్కలవుతోంది. సీరియల్లో అత్తగారి నోరు ఒకచోట, ముక్కు ఒకచోట. క్రికెట్లో బంతి బౌలర్ చేతిలో ఉండగానే తెర నిలిచిపోయి, మళ్లీ కదిలేసరికి బ్యాట్స్‌మన్ తల దించుకుని పెవిలియన్‌కు పోతూ ఉంటాడు. సురేందర్‌కు అప్పుడు వచ్చే కోపం బౌలర్ మీద కాదు, బ్యాట్స్‌మన్ మీదా కాదు.

కంప్లైంట్లు చేసింది వనితే. ఒకవైపు పప్పు కుక్కర్ కూస్తుంటే ఇంకోవైపు ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, తెలుగు కోసం ఒకటి నొక్కండి, సిగ్నల్ సమస్యకు నాలుగు నొక్కండి అంటే నొక్కింది. బాక్స్ ఆపి మళ్లీ వేయమంటే వేసింది. కార్డు తీసి మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టమంటే తుడిచి పెట్టింది. వెనకాల వైరు మర బిగించమంటే టీవీ స్టాండ్ వెనక దుమ్ములోకి దూరి బిగించింది. ఇవేవీ పనుల్లో లెక్క కాదు కాబట్టి ఎవరికీ తెలియదు. సాయంత్రం సురేందర్ వచ్చి బూట్లు విప్పుకుంటూ, "ఫోన్ చేసినవా? ఏమన్నరు?" అనేవాడు. చెబితే, "నువ్వు గట్టిగ మాట్లాడవు. నీ గొంతు వింటేనే వాళ్లకు తెల్సిపోతది, ఏం చెప్పినా వింటదని," అనేవాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఆ గొంతు అలా తయారుకావడానికి ఆయన కష్టం కూడా కొంత ఉంది, అది మాత్రం చెప్పుకోడు.

ఇవాళ సురేందర్ సెలవు పెట్టాడు. డిష్ కోసం పెట్టాడు. ఆ సంగతి రాత్రి అన్నం తింటూ చెప్పినప్పుడు వనిత చేతిలోని గరిటె కొంచెం ఆగింది. చిలకమ్మకు కంటి ఆపరేషన్ అయిన రోజున దొరకని సెలవు, కూతురు చంద్రిక స్కూల్లో తల్లిదండ్రుల మీటింగ్‌కు ఏనాడూ దొరకని సెలవు, డిష్‌కు దొరికింది. "రేపు టెక్నీషియన్ వస్తుండు. నేను పైన ఉంట. నువ్వు కింద టీవీ కాడ ఉండాలె," అన్నాడు.

"రేపు నేను పంజాగుట్ట పోవాలె గదా," అంది వనిత.

"పో. ఎవరొద్దన్నరు? గిది సెట్ అయినంక పో."

ఎవరొద్దన్నరు. ఈ ఒక్క మాటతో ఎన్నేళ్లు గడిచాయో వనిత ఎప్పుడూ కూడి చూసుకోలేదు. ఒద్దని ఎవరూ అనలేదు, నిజమే. పెళ్లికి ముందు బీకాం చదివింది, ఒక ఆడిటర్ దగ్గర పని చేసింది. పెళ్లయ్యాక, కాపురం కుదురుకున్నంక పో అన్నారు. చంద్రిక కడుపున పడ్డాక, పిల్ల బడికి పోయినంక పో అన్నారు. పిల్ల బడికి పోయాక మామ మంచాన పడ్డాడు, ఆయన పోయినంక పో అని ఎవరూ అనలేదు గానీ అర్థం అదే. ఆయనా పోయాడు. ఈ ఏడాది మధ్యాహ్నం పూట, వంటకూ చంద్రిక వచ్చే వేళకూ మధ్యనున్న కాస్త సందులో, మైత్రీవనంలో అకౌంట్స్ కోర్సులో చేరింది. తన వయసులో సగం ఉన్న పిల్లల మధ్య కూర్చుని, కొత్త పన్నుల లెక్కలూ కంప్యూటర్లో బిల్లులు కొట్టడమూ నేర్చుకుంది. ఆ పిల్లలు ఆమెను ఆంటీ అనేవాళ్లు. మొదటిరోజు ఆ మాట గుచ్చుకుంది, తర్వాత అదీ అలవాటైపోయింది.

ఆ కోర్సు చెప్పిన సారే పంజాగుట్టలోని ఒక పళ్ల ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్ ఖాళీగా ఉందని చెప్పాడు. వాళ్లుండే అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఎంత దూరం? మెట్రో ఎక్కితే పక్క స్టేషనే. అక్కడి మేనేజర్ నాగేశ్వరి గారు ఆమెతో కాసేపు మాట్లాడి, కంప్యూటర్ మీద ఒక బిల్లు కొట్టించి చూసి, వచ్చి చేరిపోండి అంది. చేరాల్సిన రోజుకు చిలకమ్మ కంటి ఆపరేషన్ పడింది. ఇంకో రోజు ఇచ్చింది ఆవిడ. ఆ రోజుకు సురేందర్ వర్క్‌షాప్ వాళ్లు భోజనానికి వచ్చారు. ముందే చెప్పలేదా అంటే, "గిప్పుడు చెప్తున్న గదా," అన్నాడు. ఇవాళ మూడో రోజు.

ఇంట్లో వాళ్లు ఉద్యోగం గురించి మాట్లాడని వాళ్లేం కాదు. చంద్రిక, "మమ్మీ, నువ్వు జాబ్‌కి పోతే నా లంచ్ బాక్స్ ఎవరు పెడ్తరు?" అంది. తొమ్మిదో తరగతి పిల్ల, అన్నం గిన్నె ఏ అరలో ఉంటుందో తెలియదు. సురేందర్ తమ గల్లీలోని హాస్టళ్ల వంక చెయ్యి చూపించి, "గీ పోరగాళ్లు చూడు, ఇంజినీరింగులు చదివి రోడ్ల మీద తిరుగుతున్నరు. నీకు వచ్చిన ఉద్యోగం ఎన్ని దినాలుంటదో," అన్నాడు. చిలకమ్మ మాట ఇంకో తీరు. "మేం పోలేదా పనికి? బోరబండ నుంచి సనత్‌నగర్‌కు నడుసుకుంట పోయినం. బల్బుల కంపెనీల చేసినం. పొద్దుగాలనే ఇంత వండిపెట్టి పోయినం. నీ లెక్క ఇంత ఆలోచన చేసినమా?" అనేది. ఆ పని ఎందుకు మానేసిందో కూడా ఆమే చెప్పేది. సురేందర్ ఇంటర్‌లో చేరాక, దోస్తులు నవ్వుతున్నరమ్మా, నువ్వు కార్ఖానాకు పోవద్దు అన్నాడట. "నా కొడుకు నన్ను పనికి పోనియ్యలే," అని చెప్పేటప్పుడు ఆమె గొంతులో గర్వం ఉండేది. ఆ తర్వాత లేచి పోయి ఏదో ఒక పని అందుకునేది.

టెక్నీషియన్ దినేశ్ వస్తానన్న వేళ దాటిపోయాక తీరిగ్గా వచ్చాడు. నలభై దాటిన మనిషి, భుజాన సంచి, చెవిలో ఎప్పుడూ ఎవరో ఒకరితో ఫోన్. "బోరబండల మస్తు కంప్లైంట్లు పెండింగ్ ఉన్నయన్నా, జర జల్ది చూద్దాం," అంటూనే పైకి పోయాడు. ఆయన వచ్చాక పని తగ్గుతుందనుకుంది వనిత. పెరిగింది. స్టూలు కావాలన్నారు, పైకి మోసింది. వైరు చెక్కడానికి చాకు కావాలన్నారు, కూరగాయల చాకు ఇచ్చింది. పాతగుడ్డ, మంచినీళ్లు, తర్వాత టీ. టీ ఇచ్చి కిందికి దిగేలోపల ఫోన్. "ఎక్కడున్నవ్? టీవీ ముంగట ఉండమన్న గదా." మెట్లెక్కి దిగి, దిగి ఎక్కి, ఆమె కాళ్లు వాటంతటవే పోయి వస్తున్నాయి. ఎండ మండిపోతోంది. పక్కన కొత్తగా లేచిన హాస్టల్ బిల్డింగ్ మీద ఆడపిల్లల బట్టలు తీగల మీద ఆరుతున్నాయి. దినేశ్ ముందు వైరు జాయింట్ బాగాలేదన్నాడు, మార్చాడు. తర్వాత ఎల్‌ఎన్‌బి, అంటే డిష్ ముందు ముక్కులాగా పొడుచుకొచ్చే డబ్బా, అది పోయిందన్నాడు, అదీ మార్చాడు. తర్వాత ఆ హాస్టల్ బిల్డింగే అడ్డం వస్తోందన్నాడు. దాన్ని మార్చడం ఆయన చేతిలో లేదు కాబట్టి, డిష్‌ను డాబా ఆ చివరి నుంచి ఈ చివరికి తెచ్చారు.

ఏమీ కాలేదు. చివరికి దినేశ్, సురేందర్ ఇద్దరూ టీవీ చూడడానికి కిందికి దిగి వచ్చారు. దినేశ్ తెర ముందు వంగి చూసి నాలుక చప్పరించాడు.

"గిదేందన్నా, క్వాలిటీ సున్నా ఉన్నది."

"డెబ్బై ఎనిమిది అంటున్నది గదా గీమె పొద్దటి సంది."

"అది పై గీత అన్నా. దాంతోటి ఏం చేస్తం? వైరుల కరెంటున్నా సుత అది చూపిస్తది. కింది గీత రావాలె. కింది గీత వస్తేనే బొమ్మ."

సురేందర్ పెళ్లాం వైపు తిరిగాడు. బయటి మనిషి ముందు నవ్వు మొహం పెట్టి మరీ అన్నాడు. "ఇంతసేపు పై గీత చదువుకుంట కూసున్నవా? మేం పైన ఎండల సస్తుంటే? బీకాం చదివినవ్, గీ గీతకు గా గీతకు ఫరక్ తెల్వదు." దినేశ్ కూడా మర్యాదకు కొంచెం నవ్వాడు.

వనిత చెప్పిన మాట సురేందర్‌కు గుర్తు లేక కాదు. గుర్తుంచుకోవాల్సిన మాటల్లో అది లేదు, అంతే. చిలకమ్మ అక్కడే ఉంది. కింది గీత సున్నా ఉందని కోడలు చెప్పడం ఆమె చెవులారా విన్నది. ఒక్కమాట అంటే సరిపోయేది. ఆమె చిక్కుడుకాయ తుంచి పళ్లెంలో వేసింది. వనిత చెప్పబోయింది, నేను చెప్పిన, మీరే వద్దన్నరు అని. ఆ మాటలు గొంతు దాకా రాలేదు. కోపం కూడా రాలేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే పెదవి మనది కానట్టు ఉంటుంది చూడండి, ఆమెకు కొన్నేళ్లుగా లోపల అలాగే ఉంది. మొదట్లో ఇలాంటి మాటలకు బాత్రూంలోకి పోయి నల్లా విప్పి ఏడ్చేది. తర్వాత ఏడుపు పోయి తలనొప్పి వచ్చేది. ఇప్పుడు అదీ లేదు. ఎక్కడో ఎవరినో అంటున్నట్టు వింటుంది. విన్నాక టీ గ్లాసులు తీసి కడుగుతుంది. ఇప్పుడూ అదే చేసింది.

వాళ్లు మళ్లీ పైకి పోయారు. మళ్లీ ఫోన్. "కింది గీతెంత?" "సున్నా." "ఇప్పుడు?" "సున్నా." ఎంతసేపు చెప్పిందో, సున్నా అనే మాటకు అర్థం పోయి ఉత్త శబ్దం మిగిలింది.

అప్పుడు చెవిలో టిక్ టిక్‌మని ఇంకో కాల్ వస్తున్న చప్పుడు. ఫోన్ దూరంగా పెట్టి చూస్తే నాగేశ్వరి గారు. అవతల మొగుడు లైన్లో ఉన్నాడు. ఆయన్ను హోల్డ్‌లో పెడితే తప్ప ఈవిడతో మాట్లాడడం కుదరదు. వనిత బొటనవేలు గాల్లో నిలిచింది. పెళ్లయిన నాటి నుంచి ఆ మనిషిని ఆమె ఏ విషయంలోనూ ఆగమనలేదు. నొక్కింది. ఏమీ కాలేదు. నింగీ నేలా ఎక్కడివక్కడే ఉన్నాయి.

"వనిత గారూ, ఏంటండీ, బయల్దేరారా?" నాగేశ్వరి గారి గొంతులో విసుగు లేదు, అదే ఇబ్బందిగా ఉంది. "డాక్టరు గారు భోజనానికి వెళ్లేలోపు మీరు వచ్చేస్తే ఇవాళే కూర్చోబెట్టేస్తాను. రాకపోతే ఎస్సార్ నగర్ నుంచి ఇంకో అమ్మాయి రెడీగా ఉందండీ. మీరేమీ అనుకోవద్దు, రెండుసార్లు నేనే ఆపాను. మూడోసారి నా మాట కూడా వినరు."

"వస్తున్న మేడమ్."

"ఖచ్చితంగా వస్తారా? ఇంట్లో ఏమైనా ఇబ్బందా?"

ఎవరికైనా జబ్బు చేస్తే చెప్పొచ్చు, మొగుడు తాగి కొడితే చెప్పొచ్చు. టీవీలో గీత రావడం లేదని ఏమని చెబుతుంది? "ఏం లేదు మేడమ్, వస్తున్న," అంది మళ్లీ.

లైన్ మార్చేసరికి అవతల సురేందర్ అరుస్తున్నాడు. "ఫోన్ హోల్డ్‌ల ఎందుకు పెట్టినవ్? ఇక్కడ డిష్ పట్టుకుని చేతులు పోతున్నయ్ మాకు."

"పంజాగుట్ట నుంచి ఫోన్ వచ్చింది. ఇప్పుడు పోవాలె. లేకుంటే ఇంకొకరిని తీసుకుంటరంట."

"పో అంటున్న గదా. ఎవరొద్దన్నరు? గిది కానీ. ఇంకో పది నిమిషాలు."

"పది నిమిషాలు అని పొద్దటి సంది..."

"మరి ఎవరు చూడాలె టీవీ? అమ్మ చూస్తదా? ఆమెకు అంకెలు తెల్వయి. గీ ఒక్క పని చెయ్యనీకి నీకు గింత కష్టమైతుందా? ఉద్యోగం ఆడనే ఉంటది, ఏడికి పోదు." గొంతు తగ్గించి, "నా ఫోన్ల చార్జింగ్ అయిపోతుంది. ఇగ పైనుంచే ఒర్రుత, కింది నుంచి చెప్పు," అని పెట్టేశాడు.

వనిత ఫోన్ బల్ల మీద పెట్టింది. ఒంటి మీదున్న నైటీ కింది అంచులోంచి చుడీదార్ కనబడుతోంది. పొద్దునే ఇస్త్రీ చేసి వేసుకుని, వంటింట్లో మరకలు కాకుండా పైన నైటీ తొడుక్కుంది. తిరగమోతలు పెట్టి, గిన్నెలు తోమి, డాబా మీదికి స్టూలు మోసిన ఈ పొద్దంతా లోపల ఆ ఇస్త్రీ బట్టలు అలాగే ఉన్నాయి. ఎవరూ గమనించలేదనుకుంది. చిలకమ్మ చూపు ఆ అంచు మీదే ఉంది. ఎప్పటినుంచి చూస్తోందో.

"పోతవా?" అంది చిలకమ్మ.

అత్త అడిగింది నిజంగా తెలుసుకుందామనా, అడ్డం పెడదామనా అన్నది వనితకు అర్థం కాలేదు. "గిది అయినంక, అత్తమ్మా," అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని కాసేపటికి గానీ తెలియలేదు. ఇన్నాళ్లూ వాళ్లు అంటే తను విన్న మాట. ఇప్పుడు వాళ్లకు అనే శ్రమ కూడా లేకుండా తనే అనుకుంటోంది. ఇక ఎవరూ ఒద్దనాల్సిన పని లేదు. అది తెలిసిన క్షణాన వనితకు భయమేసింది. చాలా రోజులకు మొద్దుబారిన చోట కొంచెం నొప్పి తెలిసింది.

పైన డిష్‌ను లాగుతున్న చప్పుడు. మెట్ల సందులోంచి సురేందర్ గొంతు దిగి వచ్చింది.

"వనితా, కింది గీత వచ్చిందా?"

తెర నీలంగా ఉంది. సిగ్నల్ అందడం లేదు అన్న అక్షరాలున్నాయి. కింది గీత పక్కన సున్నా ఉంది.

ఆమె నైటీ తలమీదుగా తీసేసింది. మడత పెట్టింది, అలవాటు కొద్దీ. కుర్చీ మీద వేసింది. జుట్టు చేత్తోనే సవరించుకుంది. గోడకున్న హ్యాండ్‌బ్యాగ్ తీసి భుజాన వేసుకుని, బల్ల మీది ఫోన్ అందులో పడేసింది.

"వనితా, నిన్నే. బొమ్మ వచ్చిందా?"

"వచ్చింది," అంది.

గొంతు ఎప్పటిలాగే ఉంది. సురేందర్ చెప్పినట్టు, ఏం చెప్పినా వినే గొంతే. ఆ గొంతుతో అబద్ధం చెబితే ఎవరికీ అనుమానం రాదని ఆమెకు అంతదాకా తెలియదు.

"ఎంతున్నది?"

"ఎనభై."

"మంచిగున్నదా? ముక్కలైతలేదు గదా?"

"లేదు. మంచిగున్నది."

పైన ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. చిలకమ్మ ఈనె తీస్తున్న చెయ్యి ఆపింది. టీవీ వంక చూసింది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమెకు గోడ మీది చీమ కూడా కనబడుతోంది. నీలం తెరను పై నుంచి కింది దాకా చూసి, కోడలి వైపు తిరిగింది. వనిత ఆమె నోటి వంకే చూస్తూ నిలబడింది. ఇప్పుడు ఆ నోరు తెరిస్తే అయిపోతుంది. ఇవాళ్టి ప్రయాణమే కాదు, ఇక ఏ ప్రయాణమూ ఉండదు. ఇన్నేళ్లలో ఈ ముసలామె దయ కోసం తాను ఎప్పుడూ చెయ్యి చాచలేదని, ఇప్పుడూ చాచనని అనుకుంది. గడప దాకా వచ్చిన కాళ్లు మాత్రం అక్కడే ఆగిపోయాయి.

"అమ్మా," అని పైనుంచి కేక. "నువ్వు జర చూసి చెప్పే. గిది ఏం చూస్తదో ఏం చెప్తదో. బొమ్మ నిజంగనే వచ్చిందా?"

చిలకమ్మ చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, మెట్ల గుమ్మం దాకా నడిచి వచ్చింది. వనిత పక్కనే నిలబడి, తల పైకెత్తి గొంతు పెంచింది.

"వచ్చింది బిడ్డా. మస్తు మంచిగ వచ్చింది. ఇగ అటిటు కదపకుండ్రి. గట్టిగ బిగియ్యుండ్రి."

ఆమె వెనక్కి పోయి మళ్లీ సోఫాలో కూర్చుంది. నీలం తెర వంక, తన సీరియల్ చూస్తున్నంత శ్రద్ధగా చూడసాగింది.

"తలుపు దగ్గరికెయ్యి పోయేటప్పుడు," అంది కోడలి వైపు తిరగకుండానే. "చప్పుడు కాకుండ."

వనిత తలుపు దగ్గరికేసింది. పైన డాబా మీద పానాతో నట్లు బిగిస్తున్న చప్పుడు మొదలైంది.